పూడిమడక ఒడ్డుకు కొట్టుకొచ్చిన నలుపు-పసుపు పాము: విషం ఉంటుందా?

ఉప్పుగాలి | నవంబరు 9, ఉదయం 9:42

రాత్రి వాయుగుండం తెరిపిచ్చాక పొద్దున్నే మా అమ్మాయిని తీసుకుని విశాఖ దగ్గర పూడిమడక ఒడ్డుకి వెళ్ళాను. నురగ ఆగిన గీత పొడుగునా చెత్తే. కొబ్బరి డొక్కలు, తెగిన వల ముక్కలు, ఒంటి చెప్పులు. వాటి మధ్య తోలు బెల్టులాంటిది ఒకటి పడి ఉంది. మూరన్నర ఉంటుంది. వీపు బొగ్గు నలుపు, కింద పచ్చి పసుపుకొమ్ము రంగు, రెంటికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత. తోక మాత్రం పాముతోకలా సన్నబడలేదు. అట్లకాడ చివరలా పలచగా, వెడల్పుగా, పసుపు మీద నల్లమచ్చలతో ఉంది.

చచ్చిందనుకున్నాం. మా అమ్మాయి నీడ మీద పడగానే తల కదిలింది. పారిపోదామని చూసింది గానీ పాకలేకపోయింది. పక్కకి ఒరిగిపోయి, ఉన్నచోటే మెలికలు తిరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి తోక పట్టుకుని ఎత్తి సెల్ఫీ దిగారు. "నీటిపామండీ, విషం ఉండదు" అన్నారు. తర్వాత ఒక పెద్దాయన తెడ్డుతో తీసి నీళ్ళలో వేశాడు. మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ అల తెచ్చి ఒడ్డున పడేసింది. బడికి టైమైపోతోందని మేం వచ్చేశాం. నాలుగోసారి ఏమైందో తెలీదు.

ఇంతకీ అది విషప్పామేనా?

---

గోదారిగట్టు | నవంబరు 9, ఉదయం 10:15

కంగారు పడకండి మాస్టారూ. మా లంకల్లో నీటిపాములు కాలికి చుట్టుకుంటూనే ఉంటాయి. కరిస్తే చీమ కుట్టినంత. పైగా సముద్రంలో ఉండేవాటికి ఆ ఉప్పే విరుగుడండీ, విషం నిలవదు. మా మామ్మ చెప్పేది. ఆవిడ తొంభై రెండేళ్ళు బతికింది, ఆయ్.

---

సోనాబోటు_రాజు | నవంబరు 9, ఉదయం 11:03

గోదారిగట్టు గారూ, ఈ మాట ఇంకెక్కడా అనకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను. మీ లంకల్లో నీరుకట్టె వేరు, సముద్రప్పాము వేరు. మా చిన్నాన్న ఇలాగే "ఏటవుద్దిరా, నీటిపామే గదా" అనీసి ఇంటికెళ్ళి అన్నం తినీసి పడుకున్నాడు. ఆ కథ సాయంత్రం రాస్తాను. ఇప్పుడు హార్బర్లో ఐసు ఎక్కిస్తన్నాం.

ఉప్పుగాలి గారూ, ఆ కుర్రాళ్ళు తోక పట్టుకున్నా బతికి బయటపడ్డారంటే అది వాళ్ళ తెలివి కాదు. ఆ పాము మంచితనం.

---

మేనకోడలు_టౌన్స్‌విల్ | నవంబరు 9, మధ్యాహ్నం 12:20

మీరు ఆ రంగులు అంత చక్కగా చెప్పాక ఫొటో కూడా అక్కర్లేదు. అది ఎల్లో బెల్లీడ్ సీ స్నేక్, శాస్త్రీయనామం హైడ్రోఫిస్ ప్లాటురస్. విషం ఉంది, బాగా ఉంది. వంశం చూస్తే నాగుపాముకీ కట్లపాముకీ బంధువే.

నేను ఇక్కడ ఆస్ట్రేలియాలో సముద్రజీవుల మీద చదువుకుంటున్నాను కాబట్టి కొంచెం చెప్పగలను. ఈ పాము తీరంలో ఉండేది కాదు. నడిసముద్రంలో నీటి మీద తేలుతూ బతుకుతుంది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి అటు అమెరికా పడమటి తీరం దాకా ఉంది. ఏ పాముకీ ఇంత పెద్ద రాజ్యం లేదు. అట్లాంటిక్‌లో మాత్రం లేదు. ఆఫ్రికా కింది కొస దగ్గర నీళ్ళు మరీ చల్లన, పనామా దగ్గర నేల అడ్డం.

తుపానో వాయుగుండమో వచ్చినప్పుడు గాలి దాన్ని ఒడ్డుకి తోసేస్తుంది. అక్కడితో దాని పని అయిపోయినట్టే. నేల మీది పాముకి పొట్ట కింద అడ్డంగా వెడల్పు పొలుసులు ఉంటాయి, వాటితో నేలని పట్టుకుని పాకుతుంది. దీనికి అవి లేవు. ఒళ్ళు కూడా రిబ్బన్‌లా పక్కల నుంచి నొక్కినట్టుంటుంది. అందుకే మీ ముందు ఒరిగిపోయింది. ఎక్కువమంది దాన్ని చూసేది ఒడ్డున ఈ అవస్థలోనే, అందుకే మందకొడి పాము అనుకుంటారు.

---

కరీంనగర్_కిరణ్ | నవంబరు 9, మధ్యాహ్నం 1:05

అక్కా, నాదొక డౌటు. మేం సముద్రం జూసిందే టెన్త్ అయినంక వైజాగ్ టూర్ల. గా పాముకు చేప లెక్క మొప్పలు ఉంటయా? లేకుంటే నీళ్ళల్ల ఊపిరి ఎట్ల దీస్తది? పిల్లల్ని ఏడ పెడతది? గుడ్ల కోసం ఒడ్డుకు రావాలె గదా?

---

మేనకోడలు_టౌన్స్‌విల్ | నవంబరు 9, మధ్యాహ్నం 2:31

మొప్పలు లేవు కిరణ్. మనలాగే గాలి పీల్చాలి, పైకి రావాల్సిందే. కాకపోతే దాని ఊపిరితిత్తి ఒక్కటే, అదీ దాదాపు ఒళ్ళంత పొడుగు. ముక్కురంధ్రాలకి మూతలుంటాయి, మునగగానే బిగుస్తాయి. ఇవి చాలవన్నట్టు చర్మం గుండా కూడా నీళ్ళలోని ఆక్సిజన్ తీసుకుంటుంది. ఈ నలుపు-పసుపు పాము తనకి కావలసినదాంట్లో మూడో వంతు దాకా అలా లాగగలదని కొలిచారు. తేలే పామని చెప్పానే గానీ, దాని కాలంలో ఎనభై ఏడు శాతం నీటి కిందే గడుస్తుందని కూడా తేలింది. పాముల్లో ఇంకా లోతుకి వెళ్ళేవి ఉన్నాయి. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో 245 మీటర్ల లోతున ఒక సముద్రప్పాము కెమెరాకి చిక్కింది. అక్కడ వెలుగు చాలా తక్కువ.

గుడ్ల సంగతి: అసలైన సముద్రప్పాములు గుడ్లు పెట్టవు, నీళ్ళలోనే పిల్లల్ని కంటాయి. పుట్టిన పిల్ల పుట్టగానే ఈదాలి. గుడ్లు పెట్టడానికి నేల మీదికి వచ్చే రకం వేరే ఉంది, సీ క్రైట్ అంటారు, ఒంటి నిండా కట్లు ఉంటాయి. అండమాన్ వెళ్తే రాళ్ళ సందుల్లో చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. మన తెలుగు తీరంలో మీకు ఎదురయ్యేవి దాదాపు ఎప్పుడూ పిల్లల్ని కనే రకాలే.

ఇంకొకటి. నేలపాము కుబుసాన్ని రాయికో ముల్లుకంపకో రాసి విడుస్తుంది. నడిసముద్రంలో రాయెక్కడిది? ఈ పాము తనకి తానే ముడి వేసుకుంటుంది. ఆ ముడిని తల నుంచి తోక దాకా జార్చుకుంటూ పోతుంది. ఒంటి మీద బార్నకిల్స్ లాంటి పెంకుజీవులు అతుక్కున్నా ఇదే పని.

---

సోనాబోటు_రాజు | నవంబరు 9, రాత్రి 8:47

చిన్నాన్న కథ.

ఆరేళ్ళ కింద. మాది ట్రాల్ వల బోటు. వల ఎత్తి సంచి ముడి విప్పితే డెక్కు మీద గుట్టగా పడతాయి. రొయ్య, జెల్ల, గొరక, పీత, నాచు, ప్లాస్టిక్ అన్నీ కలిపి. కళాసీలు చుట్టూ గొంతుకు కూర్చుని ఏరతారు. చేతులు ఆగవు, ఎందుకంటే ఎండ ఎక్కితే రొయ్య నల్లబడిపోద్ది. ఆ గుట్టలో పాము ఉండడం మాకు కొత్త కాదు. పొద్దుటి వలలో ఒకటి, రెండు. కొన్నిసార్లు ఎక్కువ. తోక పట్టి గిరాటెయ్యడమే.

పాములా ఉండే చేప మలుగుపాముకీ దీనికీ తేడా మాకు చేతికి తెలుస్తాది, కంటికి కాదు. మలుగు జిడ్డుగా జారిపోద్ది, దానికి పొలుసు తగలదు, తల పక్కన మొప్ప చీలిక ఉంటాది. పాము గరుకు. తోక పట్టుకుంటే ఎండిన తాటాకు అంచు పట్టుకున్నట్టుంటాది.

ఆ వేళ చిన్నాన్న పట్టుకున్నది తోక కాదు. జెల్లల కింద చెయ్యి పెట్టాడు. ముల్లు గుచ్చుకుందనుకున్నాడు. నొప్పి లేదు, వాపు లేదు, రక్తం రెండు చుక్కలు. చూస్తే బూడిదరంగు పాము, ముక్కు చిలకముక్కులా కిందికి వంగి ఉంది. విసిరీసి పని చేసుకున్నాడు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మనిషి గిలగిల కొట్టుకుంటాడు గదా, ఇదేం లేదు. అందుకే ఎవరమూ పట్టించుకోలేదు.

ఒడ్డుకి రావడానికి నాలుగు గంటలు. దిగేటప్పుడు మెడ పట్టేసిందన్నాడు. పడవ కుదుపు అనుకున్నాం. ఇంటికెళ్ళి తిన్నాడు. సాయంత్రానికి తొడలు రాయిలా బిగిసిపోయాయి, ఎవరు చెయ్యి వేసినా అరుపు. నోరు సరిగ్గా తెరవలేకపోయాడు. రాత్రి ఒంటికి వెళ్తే చిక్కటి టీ డికాషన్ రంగు. అప్పుడు మా పిన్ని ఏడ్చింది, అప్పుడు ఆటో పిలిచాం.

మొదటి ఆసుపత్రిలో కాటు ఎక్కడో చూపించమన్నారు. చూపించడానికి ఏముంది, దోమ కుట్టినంత చుక్క. ఎండదెబ్బ అనీసి సెలైన్ పెట్టారు. రెండో ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ "బోటు మీద పనా? పాము తగిలిందా?" అని తనే అడిగింది. పద్దెనిమిది రోజులు ఉంచారు. తొమ్మిదిసార్లు డయాలసిస్. బతికాడు. కానీ బోటు ఎక్కలేదు మళ్ళీ. ఇప్పుడు వలలు కుడతాడు.

---

డ్యూటీడాక్టర్ | నవంబరు 9, రాత్రి 10:36

రాజు గారు చెప్పిన ప్రతి గుర్తూ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. బాధేమిటంటే ఆ పేజీ చాలామందిమి తిప్పం.

నాగుపాము విషం ముఖ్యంగా నరాల మీద పనిచేస్తుంది, రక్తపింజర విషం రక్తం మీద. సముద్రప్పాము విషంలో నరాల్ని పట్టే గుణంతో పాటు కండల్ని కరిగించే గుణం కూడా ఉంటుంది. కండ చితికితే దానిలోని రంగు పదార్థం రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి దిగుతుంది. ఆ డికాషన్ రంగు రక్తం కాదు, కండ. అది కిడ్నీల గొట్టాల్ని మూసేస్తుంది. కండల్లోని పొటాషియం ఒక్కసారిగా రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఊపిరి తీసే కండలు కూడా కండలే అని మరిచిపోకూడదు.

కాటు నొప్పి లేకపోవడమే ఇందులో పెద్ద మోసం. అరగంట నుంచి కొన్ని గంటల్లో ఒళ్ళునొప్పులు, బిగుసుకుపోవడం మొదలవుతాయి. మూత్రం రంగు మారడానికి సాధారణంగా మూడు నుంచి ఎనిమిది గంటలు. ఆ లోపు మనిషి ఇంటికి చేరి నిద్రపోతాడు.

రాజు గారు చెప్పిన చిలకముక్కు పాము హైడ్రోఫిస్ షిస్టోసస్. సముద్రప్పాము కాటు చావుల్లో ఎక్కువ భాగం దీని ఖాతాలోవే. అంచనాల ప్రకారం ఒక మనిషికి మిల్లీగ్రామున్నర విషం చాలు, దాని సంచుల్లో సగటున ఎనిమిది తొమ్మిది మిల్లీగ్రాములు దొరుకుతుంది.

---

గోదారిగట్టు | నవంబరు 10, ఉదయం 6:50

డాక్టరుగారూ, ఇంత భయంకరమైతే తీరం పొడుగునా రోజుకో శవం లేవాలి గదండీ? ఇన్ని వేల బోట్లు, ఇన్ని చేతులు. రాజుగారే తోక పట్టి గిరాటేస్తామన్నారు. నేను మామ్మని వెనకేసుకు రావడం లేదు, లెక్క కుదరడం లేదంతే.

---

డ్యూటీడాక్టర్ | నవంబరు 10, ఉదయం 8:12

మంచి ప్రశ్నే. జవాబు మలేసియాలో ఉంది. అలిస్టెయిర్ రీడ్ అనే వైద్యుడు 1950, 60లలో పెనాంగ్‌లో పనిచేస్తూ సముద్రప్పాము కాట్లను ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. చాలామంది జాలరులు, తక్కినవారు ఈతకి దిగినవాళ్ళు. కరిచినా సుమారు ఎనభై శాతం మందికి విషం చెప్పుకోదగ్గంతగా ఎక్కలేదు. కోరలు పొట్టివి, విషం ఖర్చుపెట్టడానికి పాముకి ఇష్టం ఉండదు. అది చేపల కోసం దాచుకున్న సరుకు. మామ్మగారు చూసినవి ఆ ఎనభైలోవి అయ్యుండాలి.

చిక్కు మిగతా ఇరవైతో. కరిచిన క్షణంలో నువ్వు ఏ గుంపులో పడ్డావో తెలీదు.

ఇంకో చేదు మాట. మన దేశంలో దొరికే పాముకాటు మందు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషం మీద తయారైనది. సముద్రప్పాముకి పనిచేయదు. దానికి మందు ఆస్ట్రేలియాలో తయారవుతుంది, మన ఆసుపత్రుల్లో ఉండదు. ఇక్కడ మనిషిని నిలబెట్టేది డయాలసిస్, అవసరమైతే వెంటిలేటరు, వేళకి చేరడం. కరిచిన చెయ్యిని కదపకుండా బద్ద కట్టి తీసుకురండి. తాడు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం వద్దు. వచ్చాక "సముద్రప్పాము" అనే మాట మీరే చెప్పండి. మేం అడుగుతామని ఎదురుచూడకండి.

---

పాతపుస్తకం | నవంబరు 10, ఉదయం 11:40

చర్చ విశాఖ చుట్టే తిరుగుతోంది కాబట్టి ఒక పాత సంగతి. పాముల్లో విషం ఉన్నదేది, లేనిదేది అని ఈ దేశంలో మొదటిసారి పద్ధతిగా తేల్చుకోవడానికి కూర్చున్న మనిషి విశాఖపట్నంలోనే కూర్చున్నాడు. పాట్రిక్ రస్సెల్, స్కాట్లండు వైద్యుడు. 1781లో తమ్ముడితో కలిసి వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. కోరమాండల్ తీరం పాముల మీద ఆయన పుస్తకం 1796లో లండన్‌లో వచ్చింది. రక్తపింజరకి ఇంగ్లీషులో ఆయన పేరే మిగిలింది.

ఆయన చేసిన తెలివైన పని, పాములకి జనం పిలిచే పేర్లే రాసుకోవడం. రక్తపింజర ఆ పుస్తకంలో "కాటుక రేకుల పొడ". నలుపు-పసుపు కట్ల పాముని మనవాళ్ళు "బంగారం పాము" అంటే అదీ రాసుకున్నాడు. ఆ తెలుగు ముక్క నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయనామం పుట్టింది.

రాజుగారి చిన్నాన్నని కరిచిన పాముకి ఆయన రాసుకున్న ఒక పేరు "వలకడియన్". అది తమిళం. వలై అంటే వల, కడి అంటే కాటు. పాత శాస్త్రగ్రంథాల్లో చాలాకాలం అదే దాని శాస్త్రీయనామంగా నడిచింది. ఆ రోజుల్లోనే జాలరులు ఈ పాముని ఈతతోనో రంగుతోనో కాకుండా వలతో గుర్తుపెట్టుకున్నారన్నమాట.

---

గోదారిగట్టు | నవంబరు 10, మధ్యాహ్నం 12:25

వలకడియన్. బాగుందండీ. మామ్మ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడ సముద్రంలోకి ఎప్పుడూ వెళ్ళలేదు లెండి, అంతర్వేది తీర్థంలో మోకాలి లోతు తప్ప.

---

సోనాబోటు_రాజు | నవంబరు 10, మధ్యాహ్నం 1:10

ఆ వలకడియన్ మూతి గురించి ఒకటి. దాని గడ్డం కింద పొడుగ్గా కత్తిమొనలాంటి పొలుసు ఒకటి లోపలికి దిగి ఉంటాది. నోరు తెరిస్తే అక్కడ చర్మం సంచిలా సాగుతాది. దాని మెడకంటే లావు జెల్లని మింగేస్తాది. జెల్లకి మూడు ముళ్ళు ఉంటాయి, వీపున ఒకటి, పక్కల రెండు. ఒకసారి నేను చూసిన పాముకి పక్కటెముకల దగ్గర ముల్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది. పాము మాత్రం తాపీగా ఉంది. నేనే నమ్మలేదు.

---

మేనకోడలు_టౌన్స్‌విల్ | నవంబరు 10, సాయంత్రం 4:02

నమ్మొచ్చు రాజుగారూ, మలేసియాలో కూడా అలాంటివి చూసి రాశారు. జెల్లలు ఎక్కడుంటే ఆ పాము అక్కడ. అందుకే అది ఏటి మొగలు, మడ అడవుల కాలువలు, బురదనీళ్ళు వదలదు. రొయ్య కోసం ట్రాల్ వల తిరిగేదీ అక్కడే, అదే మీ తగువు. అన్నట్టు ఇక్కడ ఆస్ట్రేలియాలోనూ అచ్చం అలాంటి చిలకముక్కు పాము ఉంది. ఒకే జాతి అనుకునేవారు. జన్యువులు చూస్తే దగ్గరి చుట్టాలు కూడా కాదని 2012లో తేలింది. ముళ్ళ చేపలు తినే బతుకు రెండు వేరు వేరు పాముల్ని ఒకే అచ్చులో పోసింది.

ఆస్ట్రేలియాలో చావులు అరుదు. 2018 అక్టోబరులో గ్రూట్ ఐలాండ్ దగ్గర ట్రాలర్ మీద పనిచేసే ఒక యువకుడు వల లాగుతూ కాటు తిని చనిపోయాడు. అక్కడా వలే.

---

కరీంనగర్_కిరణ్ | నవంబరు 10, సాయంత్రం 5:18

అక్కా ఇంకొక్కటి. చుట్టూ ఉప్పునీళ్ళే గదా. గది తాగేది ఏంది? ఉప్పునీళ్ళే తాగుతదా?

---

మేనకోడలు_టౌన్స్‌విల్ | నవంబరు 10, రాత్రి 7:44

కిరణ్, నువ్వు అడిగింది ఈ పాము బతుకులో అన్నిటికంటే చిత్రమైన సంగతి.

సముద్రప్పాముకి నాలుక కింద ఉప్పుని బయటికి పంపే గ్రంథి ఉంటుంది. అది చూసి, ఉప్పునీళ్ళే తాగి ఉప్పు కక్కేస్తుందిలే అని చాలాకాలం అనుకున్నారు. పుస్తకాల్లో అలాగే రాశారు కూడా. హార్వీ లిల్లీవైట్ అనే ఆయన బృందం ఆ మాటని పరీక్షించింది. దాహంతో ఉన్న పాముల్ని ఉప్పునీళ్ళలో పెడితే ముట్టవు. అదే మంచినీళ్ళలో వేస్తే గుటకలు వేస్తాయి.

మరి నడిసముద్రంలో మంచినీళ్ళేవీ? వాన. గట్టి వాన పడ్డప్పుడు మంచినీళ్ళు ఉప్పునీళ్ళకంటే తేలిక కాబట్టి వెంటనే కలవవు. పైన పలచటి పొరలా కాసేపు నిలుస్తాయి. గాలి, అలలు లేచి కలిపేసేలోగా పాము తాగెయ్యాలి. కోస్టారికా పడమటి తీరంలో ఏడాదిలో ఆరేడు నెలలు వాన ఉండదు. అన్ని నెలలూ మన నలుపు-పసుపు పాము ఒళ్ళు ఎండబెట్టుకుంటూ ఎదురుచూస్తుంది. ఎండాకాలంలో పట్టిన పాముల్ని మంచినీళ్ళలో వేస్తే ఎన్నో గబగబా తాగాయి. వానలు మొదలయ్యాక పట్టినవాటిలో తాగినవి తక్కువ. చుట్టూ మహాసముద్రం, నోట్లోకి చుక్క లేదు.

అందుకని ఈనాటి నా ఊహ: నిన్న పూడిమడక ఒడ్డుకొచ్చింది వాయుగుండం వానకి పైకి తేలినదై ఉండొచ్చు. ఇది నా ఊహే, ఎవరూ కొలవలేదు.

---

మస్కట్_మావయ్య | నవంబరు 10, రాత్రి 9:20

ఇదంతా చదువుతుంటే రెండేళ్ళ కిందటిది గుర్తొచ్చింది. శుక్రవారం సెలవు, నలుగురం కలిసి మస్కట్ నుంచి గేలానికి పడవ మాట్లాడుకుని వెళ్ళాం. ఒకచోట రెండు ప్రవాహాలు కలిసి నీళ్ళ మీద నురగ, పుల్లలు, నాచు పొడుగ్గా గీతలా కట్టి ఉంది. అందులో ఒక నల్ల కర్ర. పడవవాడు ఇంజను ఆపి, చెయ్యి నీళ్ళలో పెట్టొద్దన్నాడు.

ఆ కర్ర పాము. అచ్చం ఉప్పుగాలి గారు చెప్పిన రంగులు. ఊపిరి కూడా తీయనట్టు చలనం లేకుండా పడి ఉంది. దాని తోక కింద నీడలో వేలెడు చేపపిల్లలు చేరాయి. అప్పుడు చూశానండీ వింత. పాము ముందుకు రాలేదు. వెనక్కి ఈదింది! నెమ్మదిగా, బస్సు రివర్స్ తీసినట్టు. తోక దగ్గరున్న చేపలు తల పక్కకి వచ్చేదాకా జరిగి, పక్కకి ఒక్క దెబ్బ. ఒక చేప మాయం. మిగతావి చెదిరి మళ్ళీ వచ్చి అదే నీడలో చేరాయి. బుద్ధి లేని చేపలు.

---

మేనకోడలు_టౌన్స్‌విల్ | నవంబరు 10, రాత్రి 9:51

మావయ్యగారూ, మీరు అదృష్టవంతులు! నేను దీన్ని కాగితం మీద చదివాను గానీ కళ్ళతో చూడలేదు. తేలే చెత్త కింద చిన్నచేపలు దాక్కుంటాయి, పాము తనే ఆ చెత్త అయిపోతుంది.

---

చేదునిజం | నవంబరు 10, రాత్రి 11:30

ఇందాకటి నుంచీ పామంటే పాపం పాపం అంటున్నారు. పాముల చర్మానికి, మాంసానికి మంచి ధర ఉందని విన్నాను. వలలో పడినవాటిని పారేసే బదులు [నిర్వాహకుడు తొలగించారు]

---

నిర్వాహకుడు | నవంబరు 11, ఉదయం 7:05

చేదునిజం గారి పోస్టులో కొంత తీసేశాను. సముద్రప్పాములు కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. కొనడం, అమ్మడం గురించి ఇక్కడ మాట్లాడొద్దు.

---

పాతపుస్తకం | నవంబరు 11, ఉదయం 9:30

చేదునిజం గారి ప్రశ్నకి జవాబు థాయిలాండ్ సింధుశాఖలో ఉంది. అక్కడ స్క్విడ్ కోసం వెళ్ళే వియత్నాం పడవలు దీపాల వెలుగులో పాముల్ని కూడా పట్టి అమ్ముతాయి, ఏడాదికి ఎనభై టన్నుల దాకా అని లెక్కగట్టారు. ఈ పాములు చేపల్లా లక్షల గుడ్లు పెట్టవు. ఏటా కొన్ని పిల్లలే, వాటిలోనూ చిలకముక్కు పాము పిల్లల్లో మొదటి ఏడు గట్టెక్కేవి పదికి ఒకటో రెండో అని మలేసియా లెక్క. ఆస్ట్రేలియాలో ఆష్‌మోర్ అనే పగడపు దిబ్బ దగ్గర ఒకప్పుడు తొమ్మిది రకాలు కళకళలాడేవి. అక్కడ అమ్మకం లేదు, రక్షిత ప్రాంతం. అయినా 2013 నాటికి వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఎందుకో ఇంకా తేలలేదు. పట్టకపోయినా పోతున్నవాటిని పట్టి అమ్ముకునే లెక్క ఎక్కడ కుదురుతుంది?

---

ఉప్పుగాలి | నవంబరు 11, సాయంత్రం 6:15

ఒక చిన్న ప్రశ్న అడిగితే ఇంత దొరికింది. అందరికీ నమస్కారం.

ఆ సెల్ఫీ కుర్రాళ్ళలో ఒకడు మా వీధి చివర మొబైల్ షాపువాడని ఇవాళ తెలిసింది. రాజుగారి పోస్టు చూపించాను. డికాషన్ దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపి చేతులు తుడుచుకున్నాడు, రెండు రోజుల తర్వాత! పెద్దాయన సంగతి కూడా వాడే చెప్పాడు. మేం వచ్చేశాక ఆయన పాముని తెడ్డు మీదే పెట్టుకుని నడుంలోతు దాకా వెళ్ళి, అల విరిగే చోటు దాటించి వదిలాడట. మళ్ళీ రాలేదట. బతికిందో, ఏ సముద్రపు గద్దయినా తన్నుకుపోయిందో.

మధ్యాహ్నం మళ్ళీ వాన పట్టింది. మేడ మీంచి సముద్రం బూడిదగా కనిపిస్తోంది. మా అమ్మాయికి నిన్న ఆ దాహం సంగతి చదివి వినిపించాను. వాన ఆగిన ప్రతిసారీ "చాలా నాన్నా? తాగేసి ఉంటుందా?" అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

---

మేనకోడలు_టౌన్స్‌విల్ | నవంబరు 11, రాత్రి 8:03

గాలి లేకపోతే తాగి ఉంటుందని చెప్పండి.

---

సోనాబోటు_రాజు | నవంబరు 14, రాత్రి 9:40

మూడు రోజులు సముద్రం మీదున్నాను. ఇప్పుడే దిగాను.

ఈ చర్చ చదివాక వెళ్ళేముందు పూర్ణా మార్కెట్‌లో పొడుగు పటకారు ఒకటి, మందపాటి రబ్బరు చేతితొడుగులు నాలుగు జతలు కొన్నాను. గుట్టలో చెయ్యి పెట్టేముందు పటకారుతో కెలకాలి, పాము కనపడితే దాంతోనే తీసి నీళ్ళలో వెయ్యాలి అని కళాసీలకి చెప్పాను. సరంగు నవ్వాడు. "ఏట్రా, వంటకి ఎల్తన్నామా ఏటకి ఎల్తన్నామా" అన్నాడు.

నిన్న తెల్లారుగట్ల వలలో రెండు వచ్చాయి, రెండూ చిలకముక్కువే. ఒకటి పెద్దది, నా చెయ్యంత లావు. పటకారుతో మెడ వెనక పట్టి దించాను. నీళ్ళు తగలగానే తోక ఒక్కసారి ఆడించి కిందికి పోయింది. డెక్కు మీద అంత వికారంగా దొర్లింది, నీళ్ళలో దారం లాగినట్టు పోయింది.

తొడుగులు మాత్రం ఎవరూ వేసుకోలేదు. వేళ్ళకి రొయ్య తెలీదంటారు. అదీ నిజమే, నాకూ తెలీలేదు. అరచేతికి రబ్బరు ఉండి వేళ్ళ చివర్లు పలచగా ఉండేవి దొరుకుతాయేమో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పటకారు ప్రస్తుతం వంటవాడి దగ్గరుంది, కానాగంతలు కాలుస్తున్నాడు. రేపు ఇంకోటి కొనాలి.